ఉపవాసం ఉన్నవాళ్ళ వరుస

పదమూడో భాగం

పోయిన వారం మనం చూసినప్పుడు సుహైర్ కలం మూత తీసి పట్టుకుని ఉంది. సంతకం మాత్రం పెట్టలేదు.

సంతకం పెట్టవలసిన నివేదిక ముప్పై నాలుగు పేజీలు. అలెగ్జాండ్రియాలోని ఒక ఆసుపత్రి గుండెజబ్బుల విభాగం నడిపిన పరీక్ష అందులో ఉంది. గుండె బలహీనపడిన రోగులు ఎనిమిది వందల మంది. చీటీలు తీసి నాలుగు వందల మందికి కొత్త మాత్ర ఇచ్చారు. మిగిలిన నాలుగు వందల మందికి అదే రంగు, అదే సైజులో ఉత్త బిళ్ళ ఇచ్చారు. రంజాన్ మొదటి రోజు నుంచి మూడు నెలల పాటు, సూర్యాస్తమయం తర్వాత రోజుకొకటి. ఆ మూడు నెలల్లో మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు మాత్ర వైపు ఎనభై నాలుగు మంది, బిళ్ళ వైపు ఎనభై ఆరు మంది. అంటే మాత్ర వల్ల ఒరిగింది ఏమీ లేదు.

అయితే పందొమ్మిదో పేజీలో ఒక వరుస ఉంది. దాని పక్కన "రంజాన్ అంతా ఉపవాసం ఉన్నవారు" అని రాసి ఉంది. ఆ ఒక్క వరుసలో మాత్ర వేసుకున్నవాళ్ళు సగానికి సగం తక్కువగా ఆసుపత్రిలో చేరారు.

ప్రొఫెసర్ షుక్రీ పదేళ్ళుగా వెతుకుతున్నది ఆ వరుస కోసమే. సుహైర్ ఆ పరీక్షకు లెక్కలు చూసే మనిషి. ఆమె సంతకం లేనిదే నివేదిక మందులకు అనుమతి ఇచ్చే కమిటీకి వెళ్ళదు. గురువారం నాలుగు గంటలకు వెళ్ళాలి. కమిటీ ఒప్పుకుంటే, రెండు నెలల్లో రాబోయే రంజాన్‌కు గుండె రోగులు ఈ మాత్ర వేసుకుని ఉపవాసం ఉండవచ్చు. అలా ఉండాలని కాచుకుని ఉన్నవాళ్ళలో సుహైర్ తల్లి హాజ్జా తఫీదా ఒకరు. డాక్టరు వద్దన్నందుకు ఆవిడ రెండు రంజాన్లు ఉపవాసం లేకుండా గడిపింది. పన్నెండు రోజుల క్రితం, ఆ వరుస చూసిన సాయంత్రమే, సుహైర్ ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పేసింది.

ఇవాళ గురువారం. మధ్యాహ్నం ఒంటిగంట.

*

సుహైర్ చేతిని ఆపినది కమిటీ వాళ్ళ ఫారం.

ఆ ఫారంలో అంకెలు రాస్తే చాలదు. పక్కన అక్షరాల్లో కూడా రాయాలి, చేత్తోనే రాయాలి. ఆ పద్ధతిని ఆసుపత్రిలో తిట్టుకోని వాళ్ళు లేరు. పన్నెండు రోజులుగా సుహైర్ చూస్తున్నది నూటికి తొమ్మిది, నూటికి పద్దెనిమిది అన్న రెండు అంకెలే. మాత్ర వేసుకుని ఉపవాసం ఉన్నవాళ్ళలో నూటికి తొమ్మిది మంది ఆసుపత్రిలో చేరారు. ఉత్త బిళ్ళ వేసుకుని ఉన్నవాళ్ళలో పద్దెనిమిది మంది. ఇవాళ ఫారం కోసం మనుషుల లెక్క రాయవలసి వచ్చింది. మాత్ర వైపు ఉపవాసం ఉన్నవారు, రెండు వందల పన్నెండు. అక్షరాల్లో రాసింది. బిళ్ళ వైపు ఉపవాసం ఉన్నవారు, రెండు వందల తొంభై ఒకటి. సగం రాసి ఆగింది.

చీటీలు తీసి పంచిన మనుషులు. ఒక వైపు ఎంతమంది ఆడవాళ్ళుంటే రెండో వైపూ ఇంచుమించు అంతమందే ఉన్నారు. పొగ తాగేవాళ్ళు అంతే, చక్కెర జబ్బు వాళ్ళు అంతే. ఉపవాసం దగ్గర మాత్రం డెబ్బై తొమ్మిది మంది తేడా.

ఆమె మొదటి రోజు కాగితాల కట్ట తీసింది. అందులో ఆరో ప్రశ్న, "ఈ రంజాన్ ఉపవాసం ఉంటారా?" ఉంటామన్నవాళ్ళు మాత్ర వైపు మూడు వందల తొంభై నాలుగు. బిళ్ళ వైపు మూడు వందల తొంభై మూడు.

ఫారం అక్కడే వదిలి కింది అంతస్తుకు వెళ్ళింది.

సిస్టర్ బహీగా ఆ ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది. ఎనిమిది వందల మంది రోగుల కాగితాలూ ఆమె చేతి మీదుగానే నిండాయి. సుహైర్ వెళ్ళేసరికి కట్టు గుడ్డలు మడత పెడుతోంది.

"సిస్టర్, ఉపవాసం గడి ఎప్పుడు నింపారు మీరు?"

"ఏ గడి అమ్మా?"

"ఉపవాసం ఉన్నారా, లేదా. నివేదికలో వేసినది."

"అదా. ఈద్ అయ్యాక. నాలుగో వారం చూపించుకోడానికి వస్తారు కదా, అప్పుడు."

"మొదటి రోజు అడిగినది ఎందుకు వాడలేదు?"

బహీగా చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "డాక్టరమ్మా, మొదటి రోజు అడిగితే ఉండనని ఎవరంటారు? పక్కన కోడలు కూచుని ఉంటుంది. ఆ పక్కన వియ్యపురాలు. చచ్చేవాడు కూడా ఉంటాననే అంటాడు. ఆ జవాబులు చూసి షుక్రీ గారే నవ్వారు. సిస్టర్, ఇది చెత్తబుట్టలో వేసి నిజం కనుక్కో అన్నారు."

"ఎలా కనుక్కున్నారు?"

"ఉన్నావా లేదా అని అడగను. మధ్యాహ్నం పూట, ఒంట్లో నీరు లాగే మాత్ర ఏ గంటకి వేసుకున్నావ్ అని అడుగుతా. ఉన్నవాడు 'మధ్యాహ్నమేంటి సిస్టర్?' అని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాడు. లేనివాడు 'రెండింటికి' అని, వెంటనే నాలిక్కరుచుకుంటాడు." ఆమె నవ్వింది. "ఒకడైతే, అమ్మా, రెండింటికని చెప్పేసి, రాత్రి రెండింటికి అని దిద్దుకున్నాడు. నేను రాసుకున్నా. మా ఆవిడకి చెప్పొద్దు అని నా చేతులు పట్టుకున్నాడు."

"ఎందుకు మానేశారో అడిగారా?"

"అడక్కుండానే చెప్పేవాళ్ళు. దాహం."

"అందరికీ దాహమే కదా. పోయినసారి ఎండలు అలా ఉన్నాయి."

"అందరికీ కాదమ్మా. కొందరిది వేరే. నాలిక అంగిట్లో అంటుకుపోతోంది సిస్టర్, ఉమ్ము మింగుదామంటే ఉమ్మే లేదు అనేవాళ్ళు. కాస్త గట్టిగా ఉన్నవాళ్ళు ఓర్చుకున్నారు. కాళ్ళ వాపులు, ఆయాసం ఉన్నవాళ్ళు వారంలో చేతులెత్తేశారు."

సుహైర్ గోడకు ఆనుకుని నిలబడింది. బహీగా ఆమె మొహం చూసి స్టూలు జరిపింది.

"ఏమైందమ్మా? నేను తప్పు రాశానా?"

"లేదు సిస్టర్. మీరు నిజమే రాశారు. నాతో పైకి రండి."

*

ప్రొఫెసర్ షుక్రీ భోజనం ఎప్పుడూ బల్ల మీదే. కాగితంలో చుట్టిన ఫూల్ రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టినది, సగం తిని పక్కన పెట్టి, రోగి గుండె ఎక్స్‌రే బొమ్మను కిటికీ వెలుగుకు పట్టి చూస్తున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి.

"సంతకం పెట్టి వచ్చావా, పోట్లాడ్డానికి వచ్చావా?" అన్నాడు తల తిప్పకుండా.

"పోట్లాడ్డానికే, డాక్టర్ గారూ."

"అయితే కూచో. నిలబడ్డవాళ్ళతో పోట్లాడితే నాకు మెడ పడుతుంది. బహీగా, నువ్వెందుకొచ్చావ్? సాక్ష్యానికా?"

"నన్నెందుకు తెచ్చారో నాకే తెలీదు సార్."

సుహైర్ పందొమ్మిదో పేజీ ఆయన ముందు పెట్టింది. "ఈ వరుస తీసేయాలి."

షుక్రీ గుండె బొమ్మ దించాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వేం చెప్తావో నాకు తెలుసు. ఇరవై ఆరు రకాలుగా విడగొట్టి చూశాం. మగ, ఆడ, ముసలి, పడుచు, ఊళ్ళవాళ్ళు, బస్తీవాళ్ళు. ఇన్ని ముక్కలు చేస్తే ఏదో ఒక ముక్కలో ఏదో ఒకటి మెరుస్తుంది, అది ఉత్త అదృష్టం అంటావ్. ఈ మాట నా విద్యార్థులకి నేనే చెప్తాను. కానీ ఆరో పేజీ చూడు, అమ్మాయ్. పరీక్ష మొదలు కాకముందే రాసి పెట్టాను, ఉపవాసం ఉన్నవాళ్ళని విడిగా చూస్తామని. మిగతా ఇరవై ఐదూ కుర్రాళ్ళు సరదాకి చేసినవి. ఇది నా ప్రశ్న. నేను గాలం వేసి పట్టింది కాదు."

"అది ఒప్పుకుంటాను."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ జవాబు ఆయన అనుకోనిది.

"మీరు ముందే అడిగారు, నిజమే. కానీ ఎవరిని ఉపవాసం ఉన్నవాళ్ళంటామో అది ఎప్పుడు తేల్చాలో రాయలేదు. ఈద్ అయ్యాక తేల్చాం. ఈ రెండు అంకెలు చూడండి. రెండు వందల పన్నెండు. రెండు వందల తొంభై ఒకటి."

"చూశాను. అయితే?"

"మొదటి రోజు ఉంటామన్నవాళ్ళు మూడు వందల తొంభై నాలుగు, మూడు వందల తొంభై మూడు. ఒక్కరు తేడా. నెల తిరిగేసరికి డెబ్బై తొమ్మిది మంది తేడా. ఒకే ఊరు, ఒకే ఎండ, ఒకే రంజాన్. రెండు వైపులకీ వేరుగా ఉన్నది ఒక్క మాత్రే."

 సుహైర్ ఇరవై ఏడో పేజీ తిప్పింది. అక్కడ మాత్ర వల్ల వచ్చిన చిన్న ఇబ్బందుల పట్టిక ఉంది. నోరు ఎండిపోవడం, మాత్ర వైపు నూట పద్దెనిమిది మంది, బిళ్ళ వైపు ముప్పై ఒకరు. పక్కన "స్వల్పం" అని రాసి ఉంది. ఆ మాట రాసింది షుక్రీయే.

"సిస్టర్, కింద నాకు చెప్పింది సార్‌కి చెప్పండి."

బహీగా చెప్పింది. అంగిట్లో అంటుకున్న నాలిక గురించి, చేతులెత్తేసిన వాళ్ళ గురించి. రాత్రి రెండింటికని దిద్దుకున్న మనిషి గురించి కూడా చెప్పింది. షుక్రీ నవ్వలేదు.

"దాహం వేస్తే మానేశారు. మనుషులు మానేస్తారు," అన్నాడు. "ఓర్చుకున్న రెండు వందల పన్నెండు మందికి మేలు జరిగింది కదా. పందొమ్మిది మందే చేరారు. బిళ్ళ వైపు యాభై రెండు మంది. ఇది అబద్ధమా?"

"అంకె అబద్ధం కాదు. డాక్టర్ గారూ, రెండు జట్లని ఎండలో నడిపిద్దాం. ఒక జట్టుకి ముందు ఫిసీఖ్ తినిపిద్దాం, కడుపు నిండా."

"మేలో ఉప్పు చేపా! దేవుడా," అంది బహీగా.

"ఫిసీఖ్ తిన్న జట్టులో బలం లేనివాళ్ళు సగం దారిలో నీళ్ళ కోసం ఆగిపోతారు. రెండో జట్టులో అలాంటివాళ్ళే ఈడ్చుకుంటూ చివరిదాకా వస్తారు. ఇప్పుడు చివరిదాకా వచ్చినవాళ్ళనే నిలబెట్టి చూస్తే ఏ జట్టు గట్టిగా కనిపిస్తుంది?"

"ఫిసీఖ్ జట్టు," అంది బహీగా. "అయితే ఫిసీఖ్ గుండెకి మంచిదని రాసేయండి సార్. మా ఆయన సంతోషిస్తాడు."

షుక్రీ ఆమెను చూసిన చూపుకు బహీగా నోరు మూసుకుంది.

"పద్దెనిమిదో పేజీ కూడా పక్కన పెట్టుకోండి," అంది సుహైర్. "ఉపవాసం లేనివాళ్ళ వరుస. దాన్ని మనం ఎవరమూ చూడలేదు. అందులో చేరినవాళ్ళు మాత్ర వైపు అరవై ఐదు, బిళ్ళ వైపు ముప్పై నాలుగు. ఉపవాసం ఉన్నవాళ్ళలో ముప్పై మూడు తగ్గాయి. లేనివాళ్ళలో ముప్పై ఒకటి పెరిగాయి. జబ్బు ఎక్కడికీ పోలేదు, డాక్టర్ గారూ. జబ్బు ఉన్నవాళ్ళు ఈ వరుసలోంచి లేచి ఆ వరుసలో కూచున్నారు."

షుక్రీ కలం తీసుకుని రొట్టె చుట్టిన కాగితం అంచు మీద కూడికలు వేశాడు. పందొమ్మిదీ అరవై ఐదూ. యాభై రెండూ ముప్పై నాలుగూ. తీసివేతలు వేశాడు. మళ్ళీ మొదటి నుంచి వేశాడు. కారిడార్లో ఎవరో స్ట్రెచర్ తోసుకుపోతుంటే ఆ చప్పుడు పోయేదాకా ఆగాడు.

"మొదటి రోజు జవాబుల ప్రకారం చూశావా?"

"చూశాను. ఉంటామన్నవాళ్ళలో రెండు వైపులా ఒకటే. తేడా లేదు."

"ఎలా ఉంటుంది. అందరూ ఉంటామన్నారుగా." ఆయన కలం పడేశాడు. "నీకు నా వార్డు తెలీదు, సుహైర్. నువ్వు పై అంతస్తులో కాగితాలు చూస్తావ్. ఏటా రంజాన్ రెండో వారానికి నా వార్డు నిండుతుంది. వరండాలో మంచాలు వేస్తాం. వాళ్ళలో ఒక్కడు కూడా నేను వద్దని చెప్పనివాడు కాదు. నా ఎదురుగా తలకాయ ఊపుతారు. అలాగే డాక్టర్ గారూ, దేవుడు మీకు ఆయుష్షివ్వాలి అంటారు. మెట్లు దిగేలోపు మర్చిపోతారు. పోయినేడు ట్రాం కండక్టర్ ఒకాయన, నా దగ్గర పదకొండేళ్ళు చూపించుకున్నాడు, పదో రోజున తెచ్చారు. ఎందుకు చేశావయ్యా అంటే, ఇంట్లో అందరూ ఆకలితో ఉంటే నేను ఒక్కణ్ణీ వంటింట్లో దాక్కుని తినాలా అన్నాడు. దానికి నేనేం చెప్పను? నువ్వేం చెప్తావ్?"

"నా దగ్గర జవాబు లేదు."

"నా దగ్గరా లేదు. అందుకే మాత్ర వెతికాను. వాళ్ళు ఎలాగూ ఉంటారు. ఉన్నప్పుడు కాపాడేది ఏదైనా కావాలి."

"ఇది కాపాడదు. దాహం పెంచుతుంది. మనం ఈ వరుస అచ్చు వేస్తే, ఇన్నాళ్ళు మీ మాట విని ఉపవాసం ఉండనివాళ్ళు కూడా మొదలుపెడతారు."

షుక్రీ కుర్చీలో వెనక్కి వాలాడు. గడియారం మూడు దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

"కాగితం మీద వరుస కొట్టేయడం సులువు, అమ్మాయ్. గీత గీస్తే పోతుంది. మనిషికి చెప్పడం వేరు. మీ అమ్మగారికి ఈ మాత్ర సంగతి తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నేనే. పన్నెండు రోజులైంది."

"లెక్క చూడకముందే."

"చూడకముందే."

ఆ మాట ఆమె చెప్పేటప్పుడు బహీగా కిటికీ వైపు తిరిగింది. షుక్రీ మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

"రెండేళ్ళ క్రితం ఆవిడకి వద్దని చెప్పింది నేను," అన్నాడు. "ఇదే గదిలో. ఆ కుర్చీలోనే కూచుంది. ఏడవలేదు. నా మొహం మాత్రం చూడలేదు. ఇప్పుడు చెయ్యి ఫోను. నా ముందు చెయ్యి. నువ్వు ఇచ్చినదాన్ని నువ్వే వెనక్కి తీసుకో. ఆవిడకి చెప్పగలిగితే, కమిటీకి నేను చెప్తాను. వరుస కొట్టేస్తాను."

సుహైర్ సంచిలోంచి ఫోన్ తీసింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బల్ల మీద రొట్టె కాగితం పక్కన పెట్టింది.

ఆరు సార్లు మోగాక ఎత్తారు. ఎత్తింది తల్లి కాదు. ఎదురింటి ఉమ్ ఫత్హీ.

"ఎవరూ? సుహైరా? మీ అమ్మ పడుకుంది తల్లీ."

"ఈ వేళప్పుడా? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది, బానే ఉంది. కాస్త నడుం వాల్చింది. ఇంకా నాలుగు గంటలు గడవాలిగా." అని ఆగింది. ఆ ఆగడం గదిలో ముగ్గురికీ వినిపించింది.

"దేనికి నాలుగు గంటలు, అత్తా?"

వెనక ఏదో గుసగుస. తర్వాత హాజ్జా తఫీదా గొంతు. "ఇటియ్యి ఫోను. నీ నోట్లో నువ్వుగింజ నానదు." ఆ మాట పూర్తి చేసేలోపు ఆవిడ రెండుసార్లు ఊపిరి తీసుకుంది. షుక్రీ ముందుకు వంగాడు.

"అమ్మా, ఉపవాసం ఉన్నావా?"

"రజబ్ నెల. మంచి నెల. తప్పిపోయిన అరవై రోజులున్నాయి నాకు. రంజాన్ వచ్చేలోపు కొన్నైనా ఉందామని."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఇవాళ పదకొండు."

"నాకు చెప్పలేదేం?"

"నీకు చెప్తే లెక్కలు తీస్తావ్. నువ్వే అన్నావ్ కదే, మాత్ర వేసుకుంటే ఉండొచ్చని. మాత్రే వేసుకుంటున్నా."

"మాత్ర ఎక్కడిది?"

మళ్ళీ ఉమ్ ఫత్హీ దూరం నుంచి అందుకుంది. "నావే తల్లీ! పోయినేడు మీ ఆసుపత్రిలో ఇచ్చినవి. నాకు పడలేదు. గొంతు ఎండి చచ్చాను, ఇరవై రోజులకే మానేశా. మిగిలినవి పోయాయని సిస్టర్‌కి చెప్పా. ఆవిడకి చెప్పకు, తిడుతుంది."

బహీగా రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది.

"సీసాలో డెబ్బై ఉన్నాయి," అంది తల్లి. "ఇవాళ సాయంత్రం వేసుకుంటే నాలుగు మిగుల్తాయి. తర్వాతవి నువ్వు తేవాలి."

డెబ్బై మాత్రలు, పదకొండు రోజులు, మిగిలేవి నాలుగు. సుహైర్ మనసులో లెక్క కట్టింది కానీ అది కుదరలేదు. కుదరని లెక్కను పక్కన పెట్టింది.

"అమ్మా, కాళ్ళెలా ఉన్నాయ్?"

"కాళ్ళకేం. ఉన్నాయి."

"చెప్పులు పట్టట్లేదు! చెప్పవేం?" అని ఉమ్ ఫత్హీ అరిచింది.

"అమ్మా, విను. నేను తప్పు చెప్పాను. ఆ మాత్ర పని చేయదు. లెక్క సరిగ్గా చూడకుండా నీకు చెప్పేశాను. లేచి నీళ్ళు తాగు. ఇప్పుడే."

ఫోన్లో ఊపిరి మాత్రమే వినిపించింది. అది గడియారం ముల్లు కంటే వేగంగా ఉంది.

"పన్నెండు రోజుల క్రితం వచ్చి, నా చేతులు పట్టుకుని చెప్పావ్," అంది తల్లి. "ఇవాళ భయమేసి మాట మారుస్తున్నావ్. కూతురివి కదా, భయం ఉంటుంది. ఇంకా నాలుగు గంటలే. ఇంత దూరం వచ్చి వదలను. షుక్రీ గారు చెప్తే వింటాను. ఆయన మొహమాటానికి చెప్పరు."

సుహైర్ తల ఎత్తలేదు. పందొమ్మిదో పేజీ షుక్రీ చేతి కింద ఉంది. ఆయన పదేళ్ళ పని ఆ పేజీలో రెండు అంకెలు. చెప్పగలిగితే కొట్టేస్తానన్నాడు ఆయన. ఆమె చెప్పింది, కానీ తల్లి వినలేదు. ఆయన పందెం గెలిచినట్టే.

షుక్రీ ఫోన్ దగ్గరికి జరుపుకున్నాడు.

"హాజ్జా, నేను షుక్రీని."

"అయ్యో, డాక్టర్ గారా! ఏమీ అనుకోకండి. మీరుండగానే..."

"మీ అమ్మాయి భయపడి చెప్పడం లేదు. లెక్క చూసి చెప్తోంది. తప్పు నాది. నేను చూడవలసిన వరుస నేను చూడలేదు. ఆ మాత్ర మిమ్మల్ని కాపాడదు. దాహం పెంచుతుంది, అంతే. రెండేళ్ళ క్రితం చెప్పిన మాటే మళ్ళీ చెప్తున్నాను. లేచి ఒక గ్లాసు నీళ్ళు తాగండి, గుక్క గుక్కగా. నేను వింటూ ఉంటాను."

 తర్వాత మంచం చప్పుడు. ఉమ్ ఫత్హీ చెప్పుల చప్పుడు వెళ్ళి, తిరిగి వచ్చింది. గ్లాసు దేనికో తగిలింది. "బిస్మిల్లా" అని ఆవిడ అనడం, మింగడం వినిపించాయి.

షుక్రీ పందొమ్మిదో పేజీ మీద ఆ వరుసకు అడ్డంగా గీత గీశాడు. కింద పొట్టి సంతకం పెట్టి పేజీని సుహైర్ వైపు తోశాడు. బహీగా తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంది.

"తాగాను," అంది ఫోన్లో హాజ్జా తఫీదా. గొంతు మారింది. "సరే, డాక్టర్ గారూ. నా సంగతి అయిపోయింది. మిగతా ఐదుగురికి ఎవరు చెప్తారు?"

"ఏ ఐదుగురు?"

"మసీదులో నా పక్కన కూచునేవాళ్ళు. అందరం మీ దగ్గరో, ఇంకోరి దగ్గరో గుండెకి చూపించుకునేవాళ్ళమే. మా అమ్మాయి చెప్పిన మాట నేనే చెప్పాను వాళ్ళకి. సీసా ఆరుగురం పంచుకున్నాం."

అరవై ఆరు మాత్రలు. సుహైర్ లెక్క ఇప్పుడు కుదిరింది.

"పేర్లు చెప్పండి, హాజ్జా," అన్నాడు షుక్రీ. పందొమ్మిదో పేజీ మళ్ళీ తన వైపు లాక్కుని, తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు కలం పెట్టాడు.

"నబవియా. మాంసం కొట్టు వాళ్ళావిడ. ఇన్‌షిరాహ్, ఆవిడ చెల్లెలు. ఉమ్ రజబ్ ఒకావిడ, బాకోస్ స్టేషన్ దగ్గర ఉంటుంది. దౌలత్ టీచరమ్మ, ఆవిడ ఇంకో డాక్టరు దగ్గర చూపించుకుంటుంది. నిన్నటి నుంచీ మసీదుకి రావట్లేదు, పుట్టింటికి వెళ్ళిందేమో..."

షుక్రీ కలం నాలుగో పేరు మధ్యలో ఆగింది. ఆయన ఫోను మీద అరచెయ్యి పెట్టి బహీగా వైపు తిరిగాడు.

"నిన్న మధ్యాహ్నం ఊపిరాడక తెచ్చారే, మూడో మంచం. ఏం తిన్నావమ్మా, ఏం మందు వేసుకున్నావని రెండు గంటలు అడిగాం, నోరు విప్పలేదు. ఆవిడ పేరేమిటి?"

బహీగా అప్పటికే తలుపు తీసుకుని మెట్ల వైపు పరిగెత్తుతోంది.